ఒక్క మెతుకు చాలా? భిలాయ్ ఉక్కునగరంలో నమూనాల లెక్క

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గణాంకశాస్త్రంలో నమూనా సర్వేల వెనుక ఉన్న ఆలోచన దాదాపు ఇదే. అయితే ఈ మాటలో పైకి చెప్పని షరతు ఒకటి ఉంది. గిన్నె అంతటా మంట సమానంగా తగిలి ఉండాలి, లేదా అన్నాన్ని ఒకసారి కలియబెట్టి ఉండాలి. అడుగున మాడి, పైన పలుకుగా ఉన్న గిన్నెలోంచి తీసిన మెతుకు తన సంగతి చెబుతుందే గానీ గిన్నె సంగతి చెప్పదు.

కలియబెట్టడానికి వీలులేని గిన్నెలు లోకంలో చాలా ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కునగరం అలాంటి వాటిలో ఒకటి. 1955 ఫిబ్రవరిలో భారత్, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందంతో ఇక్కడ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కొలువుల కోసం దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు కూడా అక్కడే స్థిరపడ్డాయి. భారతీయ రైల్వేకు పట్టాలు సమకూర్చేది ప్రధానంగా ఈ కర్మాగారమే.

గనుల నుంచి వచ్చే ఖనిజం, కొలిమిలో మరిగే ఉక్కు, బయటికి వెళ్లే పట్టా, చుట్టూ బతికే లక్షల మంది... వీటిలో దేన్నీ పూర్తిగా పరీక్షించి చూడటం కుదరదు. కొంచెం చూసి మొత్తం గురించి తేల్చాలి. ఆ కొంచెాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పేది నమూనా సర్వే శాస్త్రం. ఒక మార్పు నిజంగా పనిచేసిందో లేదో ఎలా తేల్చాలో చెప్పేది ప్రయోగ రూపకల్పన. డిగ్రీ మొదటి ఏడాది గణాంక పాఠాల్లో ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. ఉక్కునగరంలోనూ అవి పక్కపక్కనే కనిపిస్తాయి.

కుప్ప అంచు చెప్పే అబద్ధం

భిలాయ్‌కి ఇనుప ఖనిజం ప్రధానంగా దల్లీ-రాజహరా గనుల నుంచి రైలు వ్యాగన్లలో వస్తుంది. అందులో ఇనుము ఎంత, సిలికా ఎంత, అల్యూమినా ఎంత అన్నది కొలిమికి చాలా ముఖ్యం. అల్యూమినా పెరిగితే కొలిమిలో ఏర్పడే స్లాగ్ చిక్కబడుతుంది. దాన్ని పలుచన చేయడానికి సున్నపురాయి, డోలమైట్ వంటివి ఎక్కువ వేయాలి. వాటిని కరిగించడానికి కోక్ ఎక్కువ కాల్చాలి. కాబట్టి నమూనా తప్పితే ఆ తప్పు నేరుగా ఖర్చులోకి వెళుతుంది.

వేల టన్నుల ఖనిజంలోంచి ప్రయోగశాలలో చివరకు విశ్లేషించేది కొన్ని గ్రాముల పొడి. ఆ కొన్ని గ్రాములు ఎక్కడి నుంచి రావాలి? చేతికి అందే చోటు కుప్ప అంచు. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఖనిజాన్ని పైనుంచి కుప్పగా పోసినప్పుడు పెద్ద గడ్డలు దొర్లుకుంటూ అంచుకు చేరతాయి, సన్నపొడి మధ్యలోనే నిలిచిపోతుంది. మన దేశపు హెమటైట్ ఖనిజాల్లో బంకమట్టి, దానితోపాటు అల్యూమినా, ఎక్కువగా ఆ సన్నపొడిలోనే ఉంటాయి. అంచున నిలబడి పారతో తీసిన నమూనాలో గడ్డల వాటా ఎక్కువ కాబట్టి ఖనిజం ఉన్నదానికంటే మేలైనదిగా కనిపిస్తుంది. ఒక పార బదులు వంద పారలు తీసినా లాభం లేదు. అన్నీ అంచు నుంచే తీస్తే అదే అబద్ధం వంద సార్లు వినిపిస్తుంది.

గణాంకశాస్త్రం ఇక్కడ రెండు రకాల తప్పులను విడదీసి చూపిస్తుంది. ఒకటి యాదృచ్ఛిక దోషం. ఒకసారి కాస్త ఎక్కువ, ఒకసారి కాస్త తక్కువ రావడం. నమూనా పెంచితే ఇది తగ్గుతుంది. రెండోది పక్షపాతం. ప్రతిసారీ ఒకే వైపుకు మొగ్గడం. నమూనా ఎంత పెంచినా ఇది తగ్గదు. పైగా నమూనా పెద్దదైన కొద్దీ తప్పు జవాబు మీద నమ్మకం పెరుగుతుంది.

అందుకే ఇనుప ఖనిజం నమూనాలు తీయడానికి ప్రత్యేక ప్రమాణాలు ఉన్నాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 1405, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3082 ఈ పని కోసమే ఏర్పడ్డాయి. వాటి సారం ఇది. ఖనిజం కుప్పలో పడి ఉన్నప్పుడు కాకుండా కన్వేయర్ బెల్టుపై కదులుతున్నప్పుడు, నిర్ణీత వ్యవధుల్లో, ప్రవాహం వెడల్పు మొత్తాన్నీ కోసి తీయాలి. నమూనా తీసే పరికరం నోరు అతిపెద్ద గడ్డ పరిమాణానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. నోరు చిన్నదైతే పెద్ద గడ్డలు అంచుకు తగిలి పక్కకు పడిపోతాయి, నమూనాలోకి రావు. ఈ నియమాలన్నిటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. రాశిలోని ప్రతి రేణువుకూ ఎంపికయ్యే అవకాశం సమానంగా ఉండాలి. కలియబెట్టడం కుదరని గిన్నెకు ఇదే మందు.

ఎవరి గడప తొక్కాలి?

ఖనిజం నుంచి మనుషుల దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. 2011 జనగణన ప్రకారం దుర్గ్-భిలాయ్ నగర సముదాయం జనాభా 10 లక్షలు దాటింది. అక్కడి కుటుంబాల సగటు ఆదాయం ఎంతో తెలుసుకోవాలనుకుందాం. ఆదివారం సాయంత్రం మైత్రీబాగ్‌కు వచ్చినవాళ్లను అడగవచ్చు. సెక్టార్ 9 ఆసుపత్రి దగ్గర వరుసలో ఉన్నవాళ్లను అడగవచ్చు. రెండూ సులువే. కానీ పార్కుకు వచ్చేవాళ్లు తీరిక ఉన్నవాళ్లు, ఆసుపత్రికి వచ్చేవాళ్లు అనారోగ్యం ఉన్నవాళ్లు. దీన్ని సౌకర్య నమూనా అంటారు. ఇందులో సౌకర్యం అడిగేవాళ్లకే.

మరి కర్మాగారం టౌన్‌షిప్ క్వార్టర్ల జాబితా తీసుకుని అందులోంచి లాటరీ వేస్తే? లాటరీ నిజాయితీగానే ఉంటుంది, జాబితాయే నగరం మొత్తాన్ని చూపదు. నమూనా తీయడానికి ఆధారమయ్యే జాబితాను ఫ్రేమ్ అంటారు. ఫ్రేమ్‌లో లేని మనిషికి ఎంపికయ్యే అవకాశం సున్నా. సుపేలా, ఖుర్సీపార్, క్యాంప్ ప్రాంతాల్లో అద్దె గదుల్లో ఉండే కాంట్రాక్టు కార్మికులు క్వార్టర్ల జాబితాలో కనిపించరు.

ఈ తేడా ఎంత లోతైనదో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ పరిశోధన చూపింది. ఆయన 1990ల నుంచి భిలాయ్‌లో ఏళ్ల తరబడి క్షేత్ర అధ్యయనం చేశారు. 2020లో వెలువడిన ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ గ్రంథంలో అక్కడి శ్రామికులు రెండు మాటలను వేర్వేరుగా వాడతారని వివరించారు. ‘నౌకరీ’ అంటే భద్రత ఉన్న పర్మనెంటు కొలువు. ‘కామ్’ అంటే ఎప్పుడు పోతుందో తెలియని కూలి పని. ఒకే గేటు లోపల, ఒకే షెడ్డులో పనిచేసే ఇద్దరి జీవితాల మధ్య దూరాన్ని ఈ రెండు మాటలూ చూపిస్తాయి.

ఇందులో సర్వే చేసేవాళ్లకు రెండు పాఠాలున్నాయి. మొదటిది ప్రశ్న గురించి. ‘మీకు నౌకరీ ఉందా?’ అని అడిగితే, రోజూ కర్మాగారంలో చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికుడు ‘లేదు’ అనవచ్చు. కాగితం మీద అతడు నిరుద్యోగి అయిపోతాడు. అందుకే కేంద్ర గణాంక శాఖ 2017 నుంచి నిర్వహిస్తున్న కార్మిక శక్తి సర్వేలో, గత ఏడాదిలో, గత వారంలో ఏ పని చేశారన్నది విడివిడిగా నమోదు చేస్తారు.

రెండో పాఠం ఎంపిక గురించి. సమాజం పొరలుగా ఉందని ముందే తెలిస్తే, ఏ పొరకు ఆ పొరలో విడిగా లాటరీ వేయడం మేలు. దీన్ని స్తరీకృత నమూనా అంటారు. ఉదాహరణకు ఒక ఊహాజనిత పట్టణంలో 10,000 కుటుంబాలున్నాయనుకుందాం. 3,000 కుటుంబాలు టౌన్‌షిప్‌లో, 7,000 బస్తీల్లో. టౌన్‌షిప్ కుటుంబం సగటు నెల ఆదాయం 60,000 రూపాయలు, బస్తీ కుటుంబానిది 15,000. అప్పుడు పట్టణం అసలు సగటు 28,500 రూపాయలు. రెండు చోట్లా చెరి 200 కుటుంబాలను అడిగి, వచ్చిన 400 జవాబులకు నేరుగా సగటు కడితే 37,500 వస్తుంది. ఇక్కడ సర్వే తప్పు కాదు, లెక్క తప్పు. ఒక్కో పొరకు జనాభాలో ఎంత వాటా ఉందో అంత బరువు ఇచ్చి సగటు కట్టాలి. జాతీయ సర్వేల అంచనాలన్నిటిలోనూ ఈ బరువులు ఉంటాయి. ముడి జవాబుల సగటును నగర సగటుగా చూపిస్తే అంకె పెద్దదిగా కనిపిస్తుంది, పేదరికం చిన్నదిగా కనిపిస్తుంది.

ప్రణాళిక ప్రకారం వీధులు వేసిన ఊళ్లలో ఇంకో చిక్కు పొంచి ఉంటుంది. జాబితాలో ప్రతి ఎనిమిదో ఇంటిని ఎంచుకోవడం సులువైన పద్ధతి. దీన్ని క్రమబద్ధ నమూనా అంటారు. వరుసకు సరిగ్గా ఎనిమిది ఇళ్లున్న కాలనీలో ఇలా చేస్తే ఎంపికైనవన్నీ మూల ఇళ్లే కావచ్చు. మూల ఇంటికి ఖాళీ స్థలం ఎక్కువ. ఒక గది వేసి అద్దెకిచ్చే వీలు, చిన్న కొట్టు పెట్టే వీలు అక్కడే ఎక్కువ. జాబితాలో ఉన్న లయ, ఎంపికలో ఉన్న లయ కలిసిపోతే నమూనా ఒక వైపుకు ఒరుగుతుంది.

తలుపు తట్టాక కూడా పని అయిపోదు. మూడు షిఫ్టుల ఊళ్లో ఉదయం 11 గంటలకు ఇంట్లో ఎవరుంటారు? నైట్ షిఫ్టు చేసి వచ్చినవాళ్లు నిద్రలో ఉంటారు, ఫస్ట్ షిఫ్టువాళ్లు ప్లాంటులో ఉంటారు, రోజుకూలీలు అడ్డా దగ్గర నుంచి పనికి వెళ్లిపోయి ఉంటారు. తాళం వేసి ఉందని పక్కింటివాళ్లను అడిగి ఫారం నింపేస్తే సర్వేలోకి వచ్చేది ‘ఇంట్లో ఉండగలిగినవాళ్లు’ మాత్రమే. అదే ఇంటికి వేరే వేళలో మళ్లీ వెళ్లడం ఖర్చుతో కూడిన పనే, అయినా సర్వే నాణ్యత ఎక్కువగా దాని మీదే ఆధారపడుతుంది.

ఎంతమంది చాలు?

‘10 లక్షల మంది ఉన్న ఊళ్లో వెయ్యి మందిని అడిగి ఏం చెబుతారు?’ అన్న అనుమానం సహజం. ఒక ఊళ్లో ఎంత శాతం మంది ఫలానా జవాబు చెబుతారన్న ప్రశ్నకు, లాటరీ పద్ధతిలో తీసిన నమూనాలో దోషం సుమారుగా 1ని నమూనా సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వస్తుంది. 400 మందిని అడిగితే అటూ ఇటూ 5 శాతం, 1,000 మందిని అడిగితే దాదాపు 3 శాతం, 1,600 మందిని అడిగితే 2.5 శాతం. దోషాన్ని సగానికి తగ్గించాలంటే నమూనాను నాలుగు రెట్లు చేయాలి. ఈ సూత్రంలో ఊరి జనాభా లేదన్నది గమనించాల్సిన విషయం. జనాభాతో పోలిస్తే నమూనా చాలా చిన్నదైనప్పుడు, ఊరు లక్ష మందిదైనా కోటి మందిదైనా లెక్క దాదాపు ఒకటే. బాగా కలిపిన పప్పు ఉప్పు చూడటానికి చిన్న గిన్నెకైనా పెళ్లి గుండిగకైనా ఒక్క గరిటె చాలు.

సంఖ్య పెద్దదైతే చాలనుకుంటే ఏమవుతుందో 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలు చూపాయి. ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని బట్టి లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ భారీ ఆధిక్యంతో. చిరునామాల్లో చాలా భాగం టెలిఫోన్, కారు యజమానుల జాబితాల నుంచి వచ్చాయి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ రెండూ ఉన్నవాళ్లు సగటు ఓటర్లు కారు. పైగా కార్డు నింపి తిరిగి పంపిన వాళ్లు, పంపనివాళ్లు ఒకేలా ఆలోచించలేదు. ఇది కుప్ప అంచు నుంచి 20 లక్షల పారలు తీయడం వంటిదే.

జనపనార పొలాల్లో ఎదిగిన పద్ధతి

నమూనా సర్వేలను పెద్ద ఎత్తున చేసి చూపిన తొలి దేశాల్లో భారత్ ఒకటి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. 1930ల చివర్లో బెంగాల్‌లో జనపనార పంట విస్తీర్ణాన్ని అంచనా వేసే పని చేపట్టారు. ప్రతి మడినీ లెక్కించే పద్ధతికి వేలాది సిబ్బంది, భారీ ఖర్చు కావాలి. మహలనోబిస్ యాదృచ్ఛికంగా ఎంచిన మడులను మాత్రమే కొలిపించారు. 1940లలో రెండు పద్ధతులనూ వ్యాపార, ఎగుమతి లెక్కలతో పోల్చి చూసినప్పుడు నమూనా అంచనా వాటికి చాలా దగ్గరగా వచ్చింది. మడి మడికీ తిరిగిన పూర్తి లెక్క దాదాపు ఆరో వంతు తక్కువ చూపింది. వేలమంది తాత్కాలిక సిబ్బంది చేసిన లెక్కలో పొరపాట్లు, వెళ్లకుండానే నింపిన ఫారాలు పేరుకుపోతాయి. కొద్దిమందికి శిక్షణ ఇచ్చి, పర్యవేక్షించి, కొంచెం కొలిపించడమే మేలైంది.

మనిషి చేసే తప్పును పట్టుకోవడానికి మహలనోబిస్ ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే ప్రాంతంలో రెండు వేర్వేరు నమూనాలు తీసి, రెండు వేర్వేరు బృందాలకు అప్పగించేవారు. రెండు అంచనాలూ దగ్గరగా వస్తే నమ్మకం పెరుగుతుంది. దూరంగా ఉంటే ఎక్కడో లోపం ఉన్నట్టు. ఇనుప ఖనిజం నమూనాల ఖచ్చితత్వాన్ని పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3085లోనూ ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. బెల్టుపై వరుసగా తీసిన పారలను ఒకటి విడిచి ఒకటి ‘ఎ’, ‘బి’ అనే రెండు నమూనాలుగా వేసి, రెండింటినీ విడివిడిగా విశ్లేషించి పోల్చుతారు.

పొలానికీ ఖనిజానికీ ఇంకో పోలిక కూడా ఉంది. దిగుబడి అంచనాకు పొలంలో చిన్న ముక్కను కోసి తూచేవారు. ముక్క మరీ చిన్నదైతే దిగుబడి ఎక్కువగా కనిపిస్తోందని మహలనోబిస్, పి.వి. సుఖాత్మే వంటివారు గుర్తించారు. గీత మీద పడిన మొక్క లోపలిదా, బయటిదా? కోసేవాళ్లు తెలియకుండానే దాన్ని లోపల కలుపుకుంటారు. ముక్క చిన్నదైన కొద్దీ వైశాల్యంతో పోలిస్తే అంచు ఎక్కువ, కాబట్టి తప్పూ ఎక్కువే. ఖనిజం తీసే పరికరం అంచున గడ్డ పక్కకు పడిపోతే, పొలం గీతపై మొక్క లోపలికి వచ్చేస్తుంది. రెండు చోట్లా తప్పు పుట్టేది అంచులోనే.

ఈ అనుభవం నుంచే 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. ఈనాటికీ దేశంలో వినియోగ వ్యయం, ఉపాధి వంటి కీలక అంకెలకు ఆధారం ఆ సర్వేల పరంపరే. మహలనోబిస్ పుట్టిన రోజు జూన్ 29ని దేశం గణాంక దినోత్సవంగా జరుపుకుంటోంది.

చూడటం వేరు, చేసి చూడటం వేరు

ఇంతవరకు చెప్పుకున్నదంతా ఉన్నదాన్ని ఉన్నట్టు కొలవడం గురించి. ‘ఈ మార్పు చేస్తే మేలు జరుగుతుందా?’ అన్నది వేరే ప్రశ్న. దానికి సర్వే చాలదు, ప్రయోగం కావాలి.

రైలు పట్టానే తీసుకుందాం. ద్రవ ఉక్కులో హైడ్రోజన్ మిగిలిపోతే, చల్లబడ్డాక పట్టా లోపల వెంట్రుక లాంటి పగుళ్లు ఏర్పడతాయి. చక్రాల ఒత్తిడికి అవి పెరిగి ఒకరోజు పట్టా విరుగుతుంది. 1911 ఆగస్టు 25న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, మాంచెస్టర్ అనే ఊరి దగ్గర పట్టా విరిగి రైలు పడిపోవడంతో 29 మంది చనిపోయారు. పట్టా లోపల పైకి కనిపించని పగులు దర్యాప్తులో బయటపడింది. అలాంటి పగుళ్లకు హైడ్రోజన్ కారణమని తరువాతి దశాబ్దాల్లో తేలింది. ఇప్పుడు భారతీయ రైల్వే పట్టాల ప్రమాణం ప్రకారం ద్రవ ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 1.6 భాగాలు మించకూడదు. దాన్ని తగ్గించడానికి ఉక్కును శూన్యంలో ఉంచి వాయువులను లాగేస్తారు.

శూన్యంలో మరో ఐదు నిమిషాలు ఎక్కువ ఉంచితే హైడ్రోజన్ ఇంకా తగ్గుతుందా అని ఒక కర్మాగారం పరీక్షించాలనుకుంటుందనుకుందాం. ఆగస్టులో పాత పద్ధతి, డిసెంబరులో కొత్త పద్ధతి అమలు చేసి పోల్చారు. హైడ్రోజన్ తగ్గింది. ఇది కొత్త పద్ధతి గొప్పేనా? వానాకాలంలో సున్నం, ఫెర్రో మిశ్రమాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. ఆ తేమ నుంచి హైడ్రోజన్ ఉక్కులోకి చేరుతుంది. చలికాలంలో తేమ తక్కువ. తగ్గుదల ఐదు నిమిషాల వల్ల వచ్చిందో, వానలు ఆగినందువల్ల వచ్చిందో విడదీసే దారి ఇక లేదు. రెండు కారణాలు ఇలా ఒకదానిలో ఒకటి కలిసిపోవడాన్ని కన్‌ఫౌండింగ్ అంటారు.

ఈ ముడిని ముందే పడకుండా చూసే పద్ధతిని ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో పనిచేసిన ఆర్.ఎ. ఫిషర్ తీర్చిదిద్దారు. ఆయన పుస్తకం ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ 1935లో వచ్చింది. అందులోని మూడు సూత్రాలు ఉక్కు కొలిమికీ వర్తిస్తాయి.

మొదటిది యాదృచ్ఛిక కేటాయింపు. ఏ హీట్‌కు, అంటే ఒక విడతలో తయారైన ఉక్కుకు, పాత పద్ధతి వాడాలో, దేనికి కొత్త పద్ధతి వాడాలో లాటరీ తేల్చాలి. షిఫ్టు ఇన్‌చార్జికి వదిలేస్తే, మంచి ముడిసరుకు వచ్చిన రోజునే కొత్త పద్ధతి ప్రయత్నించాలనిపించవచ్చు. లాటరీకి అలాంటి మొగ్గు ఉండదు. మనకు తెలిసిన కారణాలనే కాక తెలియని కారణాలను కూడా అది రెండు వైపులా పంచేస్తుంది.

రెండోది పునరావృతి. ఒక్కో పద్ధతికీ ఒక్కో హీట్ చాలదు, చాలా హీట్లు కావాలి. ఒకే లాడిల్‌లోంచి పది సార్లు హైడ్రోజన్ కొలిస్తే అవి పది హీట్లు కావు. ఒకే హీట్‌ను పది సార్లు చూసినట్టే. కొత్తగా ప్రయోగాలు చేసేవాళ్లు తరచూ జారిపడే చోటు ఇది.

మూడోది బ్లాకులుగా విడదీయడం. తెలిసిన తేడాలను లాటరీకి వదలకుండా ముందే కట్టడి చేయాలి. ప్రతి షిఫ్టులోనూ సగం హీట్లు పాత పద్ధతిలో, సగం కొత్త పద్ధతిలో వచ్చేలా చూస్తే, అదే తేమలో, అదే సిబ్బంది చేతిలో రెండింటికీ పోలిక దొరుకుతుంది. సర్వేలో పొరలు చేసే పనినే ప్రయోగంలో బ్లాకులు చేస్తాయి. వీటికి తోడు, నమూనా ఏ పద్ధతి నుంచి వచ్చిందో ప్రయోగశాలలో కొలిచేవాళ్లకు తెలియకుండా ఉంచితే ఇంకా మంచిది.

81 బదులు 9

నిజమైన కొలిమిలో మార్చగలిగిన అంశం ఒక్కటే ఉండదు. శూన్యంలో ఉంచే సమయం, సున్నం తాజాదనం, లాడిల్ వేడి, ఆర్గాన్ వాయువు పరిమాణం... నాలుగు అంశాలు, ఒక్కోటి మూడు స్థాయిల్లో అనుకుంటే 81 కలయికలు వస్తాయి. కర్మాగారంలో అన్ని ప్రయోగాలకు సమయం, డబ్బు దొరకవు.

దీనికి గణిత పరిష్కారం చూపినవారిలో ముందు వరుసలో ఉన్న వ్యక్తి తెలుగు కుటుంబంలో పుట్టిన కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్. రావుగా ప్రసిద్ధులు. 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, మహలనోబిస్ సంస్థలో చేరారు. 1940లలో ఆయన ప్రతిపాదించిన ‘ఆర్థోగోనల్ అరేలు’ ప్రయోగాల సంఖ్యను భారీగా తగ్గించాయి. పై ఉదాహరణలో 81 బదులు జాగ్రత్తగా ఎంచిన 9 కలయికలు సరిపోతాయి.

చిన్న ఉదాహరణతో దీని రహస్యం అర్థమవుతుంది. మూడు అంశాలున్నాయి, ఒక్కోటి పాతది లేదా కొత్తది. మొత్తం 8 కలయికలు. వాటిలో నాలుగే చేద్దాం. మొదటి హీట్‌లో మూడూ పాతవే. రెండో దాంట్లో మొదటి అంశం పాతది, మిగతా రెండూ కొత్తవి. మూడో దాంట్లో రెండో అంశం పాతది, మిగతా రెండూ కొత్తవి. నాలుగో దాంట్లో మూడో అంశం పాతది, మిగతా రెండూ కొత్తవి. మొదటి అంశం ప్రభావం తెలియాలంటే మూడు, నాలుగు హీట్ల సగటులోంచి ఒకటి, రెండు హీట్ల సగటు తీసేయాలి. ఆ రెండు జతల్లోనూ మిగతా అంశాలు ఒకసారి పాతవి, ఒకసారి కొత్తవి. కాబట్టి వాటి ప్రభావం రెండు వైపులా సమానమై కొట్టేసుకుపోతుంది. మిగతా రెండు అంశాలకూ ఇదే తీరు. ప్రతి హీటూ మూడు ప్రశ్నలకు ఒకేసారి జవాబిస్తుంది.

ఈ పొదుపుకు ఒక మూల్యం ఉంది. రెండు అంశాలు కలిసినప్పుడు మాత్రమే కనిపించే ప్రత్యేక ప్రభావం ఉంటే, అది మరో అంశం ప్రభావంలో కలిసిపోయి కనిపిస్తుంది. అందుకే తక్కువ ప్రయోగాలతో దారి పట్టుకుని, దొరికిన జవాబును మరికొన్ని హీట్లతో సరిచూసుకోవాలి. జపాన్ ఇంజనీరు గెనిచి తగుచి 1950ల మధ్యలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొంతకాలం గడిపారు. తరువాత ఆయన పేరుతో పరిశ్రమల్లో వ్యాపించిన పద్ధతులకు ఆర్థోగోనల్ అరేలే వెన్నెముక. సి.ఆర్. రావు 2023లో అంతర్జాతీయ గణాంక బహుమతికి ఎంపికై, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చేయకూడని ప్రయోగం

ఉక్కుతో లాటరీ వేయవచ్చు, మనిషి ప్రాణంతో వేయకూడదు. కోక్ ఓవెన్ల పొగ ఊపిరితిత్తులకు హానికరమా అని తేల్చడానికి కొందరు కార్మికులను లాటరీ తీసి ఓవెన్ల మీదికి పంపడం నేరం. అలాంటప్పుడు జరిగినదాన్నే జాగ్రత్తగా పరిశీలించాలి.

అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 59,000 మంది ఉక్కు కార్మికులను ఏళ్ల తరబడి అనుసరించిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో భాగంగా విలియం లాయిడ్ 1971లో ప్రచురించిన ఫలితాలు కోక్ ఓవెన్ల పైభాగంలో ఏళ్ల పాటు పనిచేసినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు, అంచనా వేసినదానికి దాదాపు పది రెట్లు ఉన్నాయని చూపాయి. ఆ అధ్యయనం బలం రెండు నిర్ణయాల్లో ఉంది. కోక్ కార్మికులను ఊరి జనంతో కాకుండా ఇతర ఉక్కు కార్మికులతో పోల్చారు. బరువైన పనికి ఆరోగ్యవంతులనే తీసుకుంటారు కాబట్టి, సాధారణ జనంతో పోలిస్తే కార్మికులు నిజానికంటే క్షేమంగా కనిపిస్తారు. రెండోది, ‘కోక్ విభాగం’ అని ఒక్క సగటు కట్టకుండా, ఓవెన్ పైన పనిచేసినవారిని, పక్కన పనిచేసినవారిని విడిగా చూశారు. అందరినీ కలిపి ఉంటే ఆ పది రెట్లు చాలా పలచబడేవి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ కోక్ తయారీలో పనిచేయడాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

రెండు లాటరీలు

ప్రారంభ గణాంక పాఠాల్లో విద్యార్థులు తరచూ తికమకపడేది ఇక్కడే. సర్వేలో లాటరీ ఉంటుంది, ప్రయోగంలోనూ లాటరీ ఉంటుంది. రెండింటి పనీ ఒకటి కాదు. ఎవరిని చూడాలో తేల్చే లాటరీ, చూసిన కొందరి నుంచి చూడని అందరి గురించి మాట్లాడే హక్కు ఇస్తుంది. ఎవరికి ఏ మార్పు చేయాలో తేల్చే లాటరీ, ‘దీనివల్లే అది జరిగింది’ అనే హక్కు ఇస్తుంది. మొదటిది ఉండి రెండోది లేకపోతే ఉన్న పరిస్థితి తెలుస్తుంది, కారణం తెలియదు. రెండోది ఉండి మొదటిది లేకపోతే ఆ కొలిమిలో, ఆ హీట్లలో కారణం తెలుస్తుంది. వేరే కొలిమికి అది వర్తిస్తుందో లేదో మళ్లీ చూసుకోవాలి.

పత్రికలో సర్వే అంకె కనిపించినప్పుడు ‘ఎంతమందిని అడిగారు?’ అన్న ప్రశ్న అందరికీ తడుతుంది. దానికంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ జాబితా నుంచి ఎంచారు? ఆ జాబితాలో ఎవరు లేరు? తలుపు తీయనివాళ్లను ఏం చేశారు? ప్రశ్నను ఏ మాటల్లో అడిగారు? కొత్త మందు, కొత్త ఎరువు, కొత్త బోధనా పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసిందన్న వార్తకు ఇంకో మూడు ప్రశ్నలు చేరతాయి. దేనితో పోల్చారు? ఎవరికి ఏది ఇవ్వాలో ఎవరు తేల్చారు? ఎన్నిసార్లు చేసి చూశారు?

భిలాయ్‌లో కాంట్రాక్టు కార్మికుడి కూలి ఏ సగటులో కలుస్తుందో, పట్టా లోపల కంటికి కనిపించని పగులు ఏ పరీక్షలో బయటపడుతుందో తేలేది ఇలాంటి ప్రశ్నల దగ్గరే. కొలత మొదలవకముందే, ఎవరిని చూడాలి, దేనితో పోల్చాలి అని నిర్ణయించే ఆ కాసేపట్లోనే సగం జవాబు ఖరారైపోతుంది.